ముఖం ఒక్కటే బ్రైట్ చేస్తే అతికించినట్టు ఉంటోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

కిటికీపక్క
రెండు రోజుల నుంచి ఒక్క ఫొటో పట్టుకుని కూర్చున్నా. అమ్మమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకుంటుంటే తీసింది, పోజు కాదు, తీసినట్టు ఆవిడకి తెలీదు కూడా. వెలుగంతా ఎడమ పక్క కిటికీ లోంచే వస్తోంది, ముఖం మన వైపు ఉన్న సగం నీడలో పడిపోయింది. బయట ఆకులు కూడా కనపడాలన్న ఆశతో ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి తీశా, అదే కొంప ముంచింది. ఇప్పుడు మొత్తం ఎక్స్‌పోజర్ పెంచితే కిటికీ తెల్లకాయితం అయిపోతోంది, పెంచకపోతే ముఖం మసిబొగ్గు.

సరే అని లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) బ్రష్ తీసుకుని ముఖం మీద మాత్రం పూసి ఎక్స్‌పోజర్ +2 పెట్టా. ముఖమైతే కనపడింది గానీ జుట్టు అంచు చుట్టూ తెల్లటి వలయం ఒకటి వచ్చింది, వేరే ఫొటో లోంచి తల కత్తిరించి అతికించినట్టుంది. ఫెదర్ (బ్రష్ అంచు ఎంత మెత్తగా కరగాలో చెప్పేది) పెంచితే వలయం ఇంకా లావెక్కుతోంది, తగ్గిస్తే గీత కనపడుతోంది. అంచుని దానంతటదే పట్టుకునే ఆటో మాస్క్ టిక్ పెడితే చెవి దగ్గర చుక్కలు చుక్కలుగా వస్తోంది. మా తమ్ముడు చూసి "అమ్మమ్మ లోపల బల్బు పెట్టావేంట్రా" అన్నాడు. రా ఫైలే (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండేది), జేపెగ్ కాదు. ముందుదీ తర్వాతదీ రెండూ పెట్టా, చూసి చెప్పండి.

లెన్సుమూత
+2 ఆ? రోగం అక్కడే ఉంది. 0.5 పెట్టి చూడు.

కిటికీపక్క
0.5 పెడితే పెట్టినట్టే తెలీట్లేదు బ్రో

లెన్సుమూత
తెలీకూడదనే కదా మన ఏడుపంతా

కొత్తకెమెరా
తమ్ముడి కామెంటుకి నవ్వాగట్లేదు. కానీ నా ఫొటోలన్నీ ఇలాగే ఉంటాయి, అందుకే ఇక్కడే కూర్చుంటున్నా.

మాస్కుమామ
ముందు ఆ మాస్కులన్నీ, అంటే మార్పు ఎక్కడ పడాలో పూసిపెట్టిన హద్దులన్నీ, పీకి పారెయ్. నువ్వు చేసిన పని ఏంటంటే, మొత్తం ఫొటో చీకట్లో ఉంటే దాన్ని అలాగే వదిలేసి ముఖం ఒక్కదాన్నే బావిలోంచి తోడినట్టు పైకి లాగావు. +2 అంటే రెండు స్టాపులు, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు, అంటే నాలుగు రెట్ల వెలుగు. ముఖానికి నాలుగు రెట్లు, పక్కనే ఉన్న మెడకి సున్నా, ఇంక అతుకు కనపడక ఏమవుతుంది.

తేడాని పంచుకోవాలి. మొత్తం ఫొటోకి ఓ +0.7 ఇచ్చెయ్. హైలైట్స్ స్లైడర్ బాగా కిందకి లాగు, షాడోస్ కొంచెం పైకి, మరీ వద్దు, 25 దాటితే గోడ మీద నీడ కూడా తెల్లబడి ఫొటో చప్పగా అయిపోతుంది. ఇప్పుడు కిటికీ కాస్త ఎక్కువ మండుతుంది కదా, దాని మీద వేరే మాస్క్ వేసి -0.6 చెయ్. రా ఫైల్ కాబట్టి, అందులోనూ నువ్వు తగ్గించి తీశావు కాబట్టి, ఆకులు లోపలే ఉంటాయి, వచ్చేస్తాయి. ఆ తర్వాత ముఖానికి మిగిలే అవసరం +0.6 దాకా ఉంటుంది అంతే. ముఖాన్ని పైకి లాగడం ఒక్కటే దారి అనుకుంటారు అందరూ, మిగతాదాన్ని కిందకి నొక్కినా ముఖం పైకి వచ్చినట్టే కనపడుతుంది, కంటికి కావాల్సింది తేడాయే.

పక్షులపిచ్చి
నాదీ మాస్కుమామ మాటే. నేను పక్షుల ఫొటోల్లో పక్షిని దాదాపు ముట్టుకోను, వెనకాల ఆకులనే ఓ అర స్టాప్ తగ్గిస్తా, పక్షి దానంతటదే ముందుకొచ్చి నిలబడుతుంది.

చీకటిగది
డార్క్‌రూమ్‌లో ప్రింట్లు వేసిన కాలం వాణ్ణి. ఈ జబ్బుకి మా దగ్గరున్న మందు ఒక సన్నటి తీగ, దాని చివర అతికించిన అట్టముక్క. ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ని పెద్దది చేసి కాయితం మీద వేసే యంత్రం) వెలుగు కాయితం మీద పడుతున్నప్పుడు ముఖం ఉన్నచోట ఆ అట్ట అడ్డం పెడతాం. నెగెటివ్ నుంచి వేస్తున్న ప్రింట్ కదా, వెలుగు తక్కువ పడ్డచోటు తెల్లగా వస్తుంది. అదే డాడ్జింగ్. కిటికీ లాంటి చోటు నల్లబడాలంటే పెద్ద అట్టకి చిల్లు పెట్టి, లేకపోతే రెండు చేతులూ దోసిలిలా మూసి మధ్యలో సందు వదిలి, ఆ సందులోంచి ఇంకాసేపు వెలుగు పోసేవాళ్ళం. అది బర్నింగ్.

కిటుకంతా ఎక్కడుందంటే, ఆ అట్టని ఒక్క క్షణం కూడా నిలపకూడదు. సన్నగా ఆడిస్తూనే ఉండాలి. నిలిపావా, దాని నీడ అంచు గీతలా ప్రింట్‌లో పడిపోతుంది, కాయితం చెత్తబుట్టలోకి. మీరు ఫెదర్ అంటున్నది మా చెయ్యి ఆడించడమే. ఇంకో లెక్క చెప్తా చూడండి. 20 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ముఖానికి 5 సెకన్లు అట్ట అడ్డం పెడితే అదే ఎక్కువ అనుకునేవాళ్ళం, అది స్టాపుల్లో 0.4 అవుతుంది. మీ +2 రావాలంటే 20లో 15 సెకన్లు అట్ట పట్టుకుని నిలబడాలి. ఎవడూ అంత పని చెయ్యడు. చేస్తే వచ్చేది మీ వలయమే.

కొత్తకెమెరా
ఆగండాగండి, ఫొటోషాప్‌లో డాడ్జ్ టూల్ బొమ్మ అదేనా?? పుల్లకి గుండ్రంగా ఏదో ఉంటుంది, నేను ఇన్నేళ్ళూ అది భూతద్దం అనుకున్నా

లెన్సుమూత
నేను గరిటె అనుకున్నా

చీకటిగది
అదే. పక్కన బర్న్ టూల్‌కి ఉండే చెయ్యి బొమ్మ, నేను పైన చెప్పిన చెయ్యి. బొమ్మలు మిగిలాయి, తీగలు పోయాయి.

పిక్సెల్‌పోలీసు
అందరూ తెగ సాయం చేస్తున్నారు గానీ నాదో డౌటు. ఆవిడ ముఖం మీద ఆ టైంలో వెలుగు లేదు. లేని వెలుగు పెడితే అది ఫొటోనా, పెయింటింగా? నీడలో కూర్చుంది, నీడలోనే ఉండనివ్వచ్చుగా. రేపు ఆవిడ ముడతలు కూడా తీసేద్దాం అంటారు.

అరస్టాప్
అబ్బా మళ్ళీ మొదలెట్టాడు. సార్, మీరు ఆ గదిలో ఉంటే ఆవిడ ముఖమూ కనపడేది, ఆకులూ కనపడేవి, రెండూ. కిటికీ వైపు చూసినప్పుడు కంటిపాప చిన్నదవుతుంది, లోపలికి చూస్తే పెద్దదవుతుంది, మెదడు రెండిటినీ కలిపి కుడుతుంది. సెన్సర్‌కి ఆ సౌకర్యం లేదు, ఒక ఫ్రేముకి ఒకటే ఎక్స్‌పోజర్. కిటికీకి ఒకటి ముఖానికి ఒకటి ఇవ్వడం కన్ను చేసే పనే. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన ఆ చంద్రోదయం ఫొటో ప్రింట్లు వెతికి పక్కపక్కన పెట్టి చూడండి, నెగెటివ్ ఒకటే, మొదట్లో వేసిన ప్రింట్లలో ఆకాశంలో మబ్బులు లేతగా కనపడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ వేసినవాటిలో దాదాపు నల్లగా. అంతా బర్నింగే.

పిక్సెల్‌పోలీసు
ఆడమ్స్ ఆర్టు చేశాడు, వార్త కాదు. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో అనే వార్తాఫొటోల పోటీలో చివరికి ముందు రౌండు దాకా వచ్చిన ఫొటోల్లో 20 శాతం ఎగిరిపోయాయి మార్పులు చేసినందుకు. కొన్నిట్లో నీడల్ని ఎంత నల్లగా తొక్కారంటే అక్కడున్న వస్తువులు మాయమైపోయాయి. మీరంటున్న "కిందకి నొక్కడం" అదే.

అరస్టాప్
ఉన్నదాన్ని కనపడకుండా చేసినందుకు తీసేశారు. ఇక్కడ ఉన్నదాన్ని కనపడేలా చేస్తున్నారు. పైగా ఇది వాళ్ళమ్మమ్మ ఫొటో, పోటీకి పంపట్లేదు.

పిక్సెల్‌పోలీసు
అది ఒప్పుకుంటా. ముడతలు ముట్టుకుంటే మాత్రం మళ్ళీ వస్తా.

కిటికీపక్క
ముడతలు ముట్టుకుంటే మా అమ్మే ఊరుకోదు. మాస్కుమామ చెప్పినట్టు మొదట్నుంచీ చేశా, మొత్తానికి +0.7, కిటికీకి -0.6, ముఖానికి +0.6. చాలా నయం, బల్బు ఆరిపోయింది. కానీ వలయం పూర్తిగా పోలేదు, నుదుటి పైన జుట్టు దగ్గర ఇంకా ఉంది. ఇంకోటి, కళ్ళజోడు అద్దంలో కిటికీ మెరుపు ఉంది చూడండి, అది కూడా ముఖంతో పాటు తెల్లగా పేలిపోయింది.

మాస్కుమామ
జూమ్ చేసి చూశా, ఇప్పుడర్థమైంది. ఆవిడ జుట్టు తెల్లది, కిటికీ వెలుగు వెనక నుంచి తగిలి అంచున వెండి తీగలా మెరుస్తోంది. నీ బ్రష్ ఫెదర్ ఒలికి దాని మీద పడింది, అసలే మెరుస్తున్నదాన్ని ఇంకా పెంచావు. వలయం సాఫ్ట్‌వేర్ తెచ్చింది కాదు, ఆవిడ జుట్టే. అందుకే ఫెదర్ పెంచేకొద్దీ లావెక్కింది.

బ్రష్‌తో ఆ వెంట్రుకల చుట్టూ తిరగొద్దు, రేపటికి కూడా అవ్వదు. ముఖం మీద ఒక రేడియల్ మాస్క్ గీసేయ్, కోడిగుడ్డు ఆకారంలో, ముఖం కంటే కాస్త పెద్దగానే, ఫెదర్ 80 అలా. ఇప్పుడు దాన్ని లూమినెన్స్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చెయ్. మాస్క్ పక్కన మూడు చుక్కలు నొక్కితే ఉంటుంది. ఐడ్రాపర్‌తో చెంప నీడ మీద నొక్కు. అప్పుడు గుడ్డు లోపలున్న వాటిలో ఆ చీకటి స్థాయిలో ఉన్నవి మాత్రమే మాస్క్‌లో ఉంటాయి, వెండి జుట్టు, కళ్ళజోడు మెరుపు రెండూ బయటికి పోతాయి. రేంజ్ స్లైడర్‌లో అటూ ఇటూ వాలు ఉంటుంది, ఆ వాలు పొడుగ్గా పెట్టు, నిట్టనిలువుగా పెడితే చర్మం మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది. O నొక్కితే ఎర్రగా చూపిస్తుంది కదా, ఎరుపు ఎక్కడ పలచబడుతోందో చూసుకుంటూ చెయ్.

అరస్టాప్
ఎరుపు మీద చర్మం తేడా తెలీదు, ఓవర్లేని నలుపు మీద తెలుపుకి మార్చుకో. మాస్క్ అంటే చివరికి నలుపు తెలుపు బొమ్మే కదా, తెల్లగా ఉన్నచోట మార్పు పూర్తిగా, నల్లగా ఉన్నచోట అస్సలు ఉండదు, బూడిదరంగులో ఉంటే దాని వంతు. ఆ బొమ్మని చూస్తేనే ఎక్కడ కన్నం పడిందో తెలుస్తుంది. ఫొటోషాప్‌లో అయితే ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద నొక్కడమే.

కొత్తకెమెరా
ఆటో మాస్క్‌లో చుక్కలెందుకొచ్చాయో ఎవరూ చెప్పలేదు, నాకూ వస్తాయి

గింప్‌గోల
అది రంగు చూసి అంచు ఎక్కడుందో ఊహిస్తుంది. నీడలో నాయిజ్ ఉంటుంది కదా, పక్కపక్క పిక్సెళ్ళే ఒకటి ఎర్రగా ఒకటి పచ్చగా, పాపం దానికి ప్రతి పిక్సెలూ ఒక అంచులా కనపడుతుంది. ఒకటి పూస్తుంది ఒకటి వదిలేస్తుంది. గోడకీ కిటికీ చట్రానికీ బాగా పనిచేస్తుంది, చీకట్లో చర్మానికి వాడకూడదు.

నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ లేనివాళ్ళ కోసం: డార్క్‌టేబుల్‌లో ఇదంతా ఉచితంగా ఉంది, మాటలే వేరు. గీసే మాస్క్‌నీ, వెలుగు, రంగు స్థాయిని బట్టి ఎంచుకునే పారామెట్రిక్ మాస్క్‌నీ కలిపి వాడటమే మామ చెప్పిన ఇంటర్‌సెక్ట్. ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌ని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పెట్టుకోవచ్చు, ముఖానికొకటి కిటికీకొకటి. ఫెదరింగ్ రేడియస్ అని ఇంకోటుంది, ఫొటోలో ఉన్న అంచుల్ని చూసుకుని మాస్క్ అంచు దానంతటదే సర్దుకుంటుంది, జుట్టు దగ్గర ఇది బ్రహ్మాండం. ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ రాథెరపీలో కూడా 5.9 వెర్షన్ నుంచి లోకల్ అడ్జస్ట్‌మెంట్స్ వచ్చాయి, కాకపోతే ఆ ట్యాబ్ తెరిస్తే విమానం కాక్‌పిట్‌లో కూర్చున్నట్టుంటుంది.

లెన్సుమూత
డార్క్‌టేబుల్ మాత్రం ఏమన్నా సైకిలా

గింప్‌గోల
అది హెలికాప్టర్

ఫోనేచాలు
మీరంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏవేవో ఇంటర్‌సెక్ట్‌లు చేస్తున్నారు గానీ నేను ఫోన్లో స్నాప్‌సీడ్‌తో ఇదే పని రెండు నిమిషాల్లో చేస్తా. సెలెక్టివ్ టూల్ తీసి చెంప మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్ళతో వలయం సైజు సర్ది, బ్రైట్‌నెస్ జరపడమే. ఆ వలయం లోపల చెంప రంగులో ఉన్నదాన్నే ఎక్కువ మారుస్తుంది, జుట్టుని దాదాపు వదిలేస్తుంది.

అరస్టాప్
నవ్వొద్దు ఎవరూ, ఆ చుక్కకి పెద్ద చరిత్రే ఉంది. నిక్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ యూ పాయింట్ అది, 2006లో నికాన్ వాళ్ళ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ ఎన్‌ఎక్స్‌లో వచ్చింది. లైట్‌రూమ్‌కి అడ్జస్ట్‌మెంట్ బ్రష్ వచ్చిందే 2008లో, రెండో వెర్షన్‌లో. అదే కంపెనీ తర్వాత స్నాప్‌సీడ్ చేసింది, 2012లో గూగుల్ కొనేసింది.

ఫోనేచాలు
చూశారా. ఇంకో సంగతి, స్నాప్‌సీడ్‌లో చాలామందికి తెలీనిది, వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్తే చేసిన ప్రతి మార్పు పక్కన బ్రష్ బొమ్మ వస్తుంది, ఏ ఎఫెక్ట్‌నైనా కావాల్సిన చోటే వేలితో పూసుకోవచ్చు. ఒక్కటే బాధ, బొటనవేలంత బ్రష్‌తో కనురెప్ప పూయాలంటే ముక్కు దాకా పోతుంది. జూమ్ చేస్తే బ్రష్ చిన్నదవుతుంది, అది తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది.

ట్రైపాడ్‌లేదు
ఇంత కష్టం దేనికి, లైట్‌రూమ్‌లో సెలెక్ట్ పీపుల్ నొక్కితే అదే ముఖం పట్టుకుంటుంది కదా, ముఖం చర్మం, ఒంటి చర్మం, జుట్టు, కనుగుడ్డు అన్నీ విడివిడిగా ఇస్తుంది 2022 నుంచి. ఇంకా గుడ్లు గీస్తున్నారా మీరు

మాస్కుమామ
వాడతా, కాదనను. వంద ఫొటోలు ఒకేసారి చెయ్యాలంటే అదే దిక్కు, ఒక ఫొటోలో పెట్టిన సెట్టింగు మిగతావాటికి అంటిస్తే ప్రతిదాంట్లో ముఖం మళ్ళీ వెతుక్కుంటుంది, చేత్తో గీసింది అలా కదలదు. కానీ ఆ మాస్క్ చర్మం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూస్తుంది, వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడదు. కిటికీ వైపు చెంపని, నీడ వైపు చెంపని సమానంగా పెంచేస్తుంది. వెలుగు తగిలిన చెంపకి పెంచాల్సిన పనేముంది?

ట్రైపాడ్‌లేదు
దానికే లీనియర్ గ్రేడియంట్ (ఒక వైపు నుంచి మెల్లగా పలచబడే మాస్క్) సబ్‌ట్రాక్ట్ చేస్తే సరిపోతుంది కిటికీ వైపు నుంచి

మాస్కుమామ
అది కరెక్టే, ఒప్పుకున్నా. అలా చేసినా ఇదే వస్తుంది.

పక్షులపిచ్చి
ఏఐ మాస్క్ పక్షి ముక్కుని ప్రతిసారీ కొమ్మ అనుకుంటుంది నాకు. ఒకసారి కాళ్ళు లేని కొంగ వచ్చింది, కాళ్ళు చీకట్లో ఒళ్ళు వెలుగులో, గాల్లో తేలుతున్న దిండులా ఉంది.

చీకటిగది
మీ అసలు ఫైలు, ఏ మార్పూ చెయ్యనిది, పెద్దగా చేసి చూశాను. గడ్డం కింద చూడండి. పేపర్ ఒళ్ళో తెరిచి ఉంది, కిటికీ వెలుగు ఆ తెల్లకాయితం మీద పడి అక్కడి నుంచి పైకి లేచి గడ్డం కిందా, కింది పెదవి కిందా, ముక్కు కింది భాగంలో సన్నగా తగులుతోంది. నీడ వైపు చెంపలో కూడా కింది సగం పైసగం కంటే ఒక పిసరు వెలుగుగా ఉంది. మీ మొదటి ఎడిట్‌లో బ్రష్‌తో మొత్తం ఒకే పూత పూశారు కాబట్టి నుదురూ గడ్డమూ ఒకటైపోయి ఆ తేడా కనపడకుండా పోయింది, ముఖం బల్లపరుపుగా మారింది. తమ్ముడికి బల్బులా కనపడింది అందుకే.

నేనైతే ముఖానికి ఇచ్చే +0.6 మొత్తం ఒక్కచోటే పెట్టను. ముఖం అంతటికీ +0.3, ఆపైన చిన్న బ్రష్, ఫ్లో (ఒక్కో పూతకి పడే మోతాదు) 10 పెట్టి, గడ్డం కింద నుంచి చెంప ఎముక దాకా పేపర్ వెలుగు వెళ్ళిన దారిలోనే నాలుగైదు సార్లు పలచగా పూస్తాను. ఫ్లో 100 పెట్టి ఒక్కసారి పూస్తే గోడకి సున్నం కొట్టినట్టే. ఉన్న వెలుగు వెంబడి వెళ్ళారంటే ఎవరికీ అనుమానం రాదు.

కొత్తకెమెరా
మాస్టారూ ఆ గడ్డం కింద వెలుగు మీరు చెప్పాక చూశా, నిజంగానే ఉంది. పది సార్లు చూశా ఫొటోని, ఒక్కసారీ కనపడలేదు.

పిక్సెల్‌పోలీసు
ఇది నాకు నచ్చింది.

లెన్సుమూత
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పోలీసుకి ఏదో నచ్చింది

కిటికీపక్క
చీకటిగది మాస్టారూ దండం. చేశా. ఇప్పుడు ముఖంలో మళ్ళీ ముక్కు ఉంది. కానీ కొత్త తంటా, నీడ వైపు పెంచాక అక్కడి చర్మం పసుపు నారింజ కలిపినట్టు వస్తోంది, కిటికీ వైపు మామూలుగానే ఉంది. ఒకే ముఖంలో రెండు రంగులు.

గింప్‌గోల
గదిలో లైటు వేసి ఉందా?

కిటికీపక్క
అవును వెనకాల గోడకి పాత పసుపు బల్బు ఒకటి ఉంది. ఫ్రేములో లేదు.

గింప్‌గోల
అదీ సంగతి. బల్బు వెలుగు 2700 కెల్విన్ (వెలుగు రంగు కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ పసుపు) చుట్టూ ఉంటుంది, కిటికీలోంచి వచ్చే నీడపట్టు వెలుగు 7000 దాకా పోతుంది. కెమెరా కిటికీకి తగ్గట్టు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగు సర్దడం) పెట్టింది. నీడ వైపున ఉన్న కాస్త వెలుగూ బల్బుది, చీకట్లో ఉన్నంతసేపూ రంగు తెలీలేదు, పెంచగానే బయటపడింది. ఆ ముఖం మాస్క్‌లోనే టెంపరేచర్ కాస్త నీలం వైపు జరుపు, -8 నుంచి -12 మధ్య చూడు, శాచురేషన్ ఓ 5 తగ్గించు. మొత్తం తీసెయ్యకు, కొంచెం వెచ్చదనం ఉంటేనే గది గదిలా ఉంటుంది.

అరస్టాప్
పెంచినచోట నాయిజ్ కూడా చూసుకో, అదే మాస్క్‌లో నాయిజ్ స్లైడర్ ఉంటుంది. మొత్తం ఫొటోకి పెడితే పేపర్ మీద అక్షరాలు కూడా నున్నగా అయిపోతాయి.

కొత్తకెమెరా
చీకట్లోనే నాయిజ్ ఎందుకు, వెలుగులో ఎందుకు ఉండదు

అరస్టాప్
14 బిట్ల రా ఫైల్లో 16,384 వెలుగు మెట్లు ఉంటాయనుకో, అన్నిటికంటే వెలుగైన ఒక్క స్టాపుకే అందులో సగం, 8,192, పోతాయి. దాని కింది స్టాపుకి 4,096, దాని కింద 2,048, అలా దిగేకొద్దీ సగం సగం. అడుగున నీడల దగ్గరికొచ్చేసరికి పదుల్లో మిగులుతాయి. పైగా అక్కడ సెన్సర్‌కి అందిన వెలుగే తక్కువ, అసలు సమాచారం కంటే గోలే ఎక్కువ. జేపెగ్‌లో అయితే ఒక్కో రంగుకి మొత్తం కలిపే 256 మెట్లు, అందుకే జేపెగ్ ఆకాశం మీద గ్రేడియంట్ లాగితే పట్టీలు పట్టీలుగా పడుతుంది.

ఫోనేచాలు
ఇదొక్కటీ నిజం, నా ఫోన్ ఆకాశాలన్నీ పట్టీలే

పక్షులపిచ్చి
ముఖం మీద క్లారిటీ (గీతల్నీ అంచుల్నీ గట్టిగా చూపించే స్లైడర్) జోలికి మాత్రం వెళ్ళకు కిటికీపక్క. ప్లస్ పెడితే పదేళ్ళు పెరుగుతాయి, మైనస్ పెడితే మైనపు బొమ్మ.

కిటికీపక్క
ఫైనల్ పెట్టా. టెంపరేచర్ -9 దగ్గర ఆగా. ఒక్క నిమిషం, పెట్టాక చూసుకుంటే చేతులు... ముఖం వెలుగులోకొచ్చింది, పేపర్ పట్టుకున్న కుడి చెయ్యి మాత్రం ఇంకా మసిబొగ్గే. ముఖం ఆవిడది, చెయ్యి ఎవరిదో లాగుంది. ఎవరూ చెప్పలేదేంటి?

లెన్సుమూత
మేమంతా ముఖమే చూస్తున్నాం కదా

మాస్కుమామ
అదే మాస్క్‌కి ఇంకో గుడ్డు యాడ్ చేసి చెయ్యి మీద పెట్టు. కాదులే, విడిగా పెట్టుకో, చెయ్యి ముఖమంత ఉండక్కర్లేదు, +0.3 చాలు. చూసేవాళ్ళ కన్ను ముందు ముఖం మీద పడి తర్వాత చేతికి దిగాలి. మెడ కూడా మర్చిపోకు, అక్కడే అందరూ దొరికిపోతారు. అన్నీ అయ్యాక ఫొటోని స్టాంపు బిళ్ళంత చిన్నది చేసి దూరంగా కూర్చుని చూడు, ఏదన్నా అతుకులా ఉంటే చిన్నదాంట్లోనే ముందు తెలుస్తుంది. ఒక రాత్రి వదిలేసి పొద్దున చూస్తే ఇంకా మంచిది, రెండు గంటలు స్లైడర్ లాగిన కన్ను ఏం పెట్టినా బాగుందనే అంటుంది.

కిటికీపక్క
పొద్దున లేచి చూశా, మాస్క్ అమౌంట్ ఇంకో 20 శాతం తగ్గించా. మెడా చెయ్యీ అయ్యాయి. తమ్ముడికి చూపిస్తే "ఇందులో ఏం చేశావ్, ముందూ ఇలాగే ఉందిగా" అన్నాడు. మూడు రోజుల పని!!

లెన్సుమూత
కంగ్రాట్స్. చెప్పాగా తెలీకూడదని

చీకటిగది
బాగుంది. గడ్డం కింద వెలుగు నిలిచింది.

పిక్సెల్‌పోలీసు
ముడతలన్నీ ఉన్నాయి, లెక్కపెట్టా. కానీ ఒకటి. ఆవిడ ముందున్న టేబుల్ మీద నల్లటి గాజుపలక ఉంది కదా, అందులో ఆవిడ ముఖం తలకిందులుగా పడుతోంది. పైన ముఖం వెలుగులోకొచ్చింది, గాజులో ముఖం ఇంకా పాత చీకట్లోనే ఉంది.

కొత్తకెమెరా
అయ్య బాబోయ్

ట్రైపాడ్‌లేదు
ఎవడయ్యా అది చూసేది 400 శాతం జూమ్ చేసి

పిక్సెల్‌పోలీసు
నేను.

మాస్కుమామ
పోలీసు చెప్పింది నిజమే, అది నేనూ చూడలేదు. ముఖం మాస్క్‌ని డూప్లికేట్ చేసి గాజు మీదకి జరుపు. ప్రతిబింబం ఎలాగూ మసగ్గా ఉంది కాబట్టి సగం ఇస్తే చాలు.

అరస్టాప్
సగం కాదు మామా. గాజు తన మీద పడ్డ వెలుగులో కొంత వంతు తిప్పి పంపుతుంది, ముఖం ఎన్ని రెట్లు పెరిగితే ప్రతిబింబం అన్ని రెట్లే పెరగాలి. స్టాపుల్లో అదే నంబరు పెట్టాలి. మసగ్గా ఉన్నది మసగ్గానే ఉంటుంది, తేడా మాత్రం సరిపోతుంది.

మాస్కుమామ
...అవును కదా. సరే అదే నంబరు. కాకపోతే లూమినెన్స్ రేంజ్ మళ్ళీ పట్టుకోవాలి, అక్కడ చీకటి స్థాయి వేరు.

కిటికీపక్క
చేశా. అదే నంబరు పెట్టా, సరిపోయింది. మళ్ళీ పెట్టా ఫొటో. దయచేసి ఇంకెవరూ జూమ్ చెయ్యకండి.